ఇంటిలో ధ్వనిముద్రణ – మిక్సర్ ఎంపిక

గొంతును ముద్రించి దాచుకోవడం ఒకప్పుడు సామాన్యునికి అందని పని. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైంది. దాని నిర్మాణం కోసం కళాకారులు బొంబాయి వెళ్లవలసి వచ్చింది. తరువాతి దశాబ్దాలలో తెలుగు సినిమా పాటలలో అధికభాగం మద్రాసు స్టూడియోలలో రూపుదిద్దుకొన్నాయి. అక్కడ పెద్ద బల్లంత వైశాల్యంలో, వరుసలు వరుసలుగా మీటలతో కనిపించే యంత్రమే మిక్సర్. వేర్వేరు మైకుల నుండి వచ్చే ధ్వనులను తగుపాళ్లలో కలిపి ఒకే ప్రవాహంగా మార్చడం దాని పని.

ఈ యంత్రం ఇంటి గడప దాటి లోపలికి రావడానికి దారి చూపినది 1979లో జపానుకు చెందిన టియాక్ సంస్థ విడుదల చేసిన ‘పోర్టాస్టూడియో’. ఒక చిన్న మిక్సర్‌ను, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరును ఒకే పెట్టెలో అమర్చడం దాని విశేషం. అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తన ఇంటిలో ఆ పెట్టె ముందు కూర్చుని, రెండు సాధారణమైన మైకులతో కొన్ని పాటలు నమూనాగా పాడి ఉంచుకొన్నాడు. తరువాత వాద్యబృందంతో స్టూడియోలో పాడినా తృప్తి కలగలేదు. చివరకు ఇంటి క్యాసెట్టులోని పాటలే ‘నెబ్రాస్కా’ అనే పేరుతో 1982లో వెలువడ్డాయి. పరికరం ఖరీదుకు, పాటలోని జీవానికి సంబంధం అంతంతమాత్రమే అనడానికి ఇంతకంటె మంచి నిదర్శనం దొరకదు.

ఇక ఎంపిక విషయం. ఒక డిగ్రీ విద్యార్థికి ఎనభయ్యేళ్ల అమ్మమ్మ ఉన్నదనుకోవాలి. దంపుళ్ల పాటలు, లాలిపాటలు, అప్పగింతల పాటలు ఆమెకు కంఠోపాఠం. అవి ఏ పుస్తకంలోనూ లేవు. ఆమె పాడితే వంత పాడడానికి ఇరుగుపొరుగు అమ్మలక్కలు ఇద్దరు ఉన్నారు. ఆమె గొంతులో సత్తువ ఉండగానే ఆ పాటలను పదిలపరచాలని అతని కోరిక. చేతిలో ఉన్నది కొద్దిపాటి సొమ్ము. తప్పు చేసి మళ్లీ పాడించుకోవచ్చునన్న ధీమా లేదు. కొనుగోలుదారు దృష్టి ఎక్కడ నిలవాలో ఇటువంటి పరిస్థితిలోనే తేలుతుంది.

అతడు మొదట తెలుసుకోవలసినది, అంగడిలో చెప్పే అంకెకూ అసలు అవసరానికీ గల తేడా. పెట్టెపై ‘పది చానళ్లు’ అని ఉన్నంత మాత్రాన పది మైకులు పెట్టవచ్చునని భ్రమపడరాదు. యమహా వారి ఎం.జి.10 ఎక్స్.యు. పది చానళ్ల మిక్సరే. కాని అందులో మైకులకు అనువైనవి నాలుగు మాత్రమే. తక్కినవి కీబోర్డు వంటి వాద్యాలకు, పాటలు వినిపించే యంత్రాలకు ఉద్దేశించినవి. బెరింగర్ వారి క్యూ802 యు.ఎస్.బి.లో ఎనిమిది ప్రవేశాలున్నా మైకులకు తగినవి రెండే. ఇందులో మోసమేమీ లేదు, లెక్కించే పద్ధతి అది. మూడు రంధ్రాల ఎక్స్.ఎల్.ఆర్. ప్రవేశాలు ఎన్ని ఉన్నాయో వేలితో చూపి లెక్కపెట్టుకొనడమే కొనేవాడు చేయగల పని. అమ్మమ్మకు ఒకటి, వంతగత్తెలకు చెరొకటి చొప్పున ఈ విద్యార్థికి మూడు కావాలి. కనుక నాలుగున్న యంత్రం సరిపోతుంది.

ఇంతకంటె చిక్కైన సంగతి మరొకటి ఉంది. తక్కువ ధరకు లభించే మిక్సర్లలో చాలావాటికి కంప్యూటరుతో కలిపే యు.ఎస్.బి. సౌకర్యం ఉంటుంది. అయితే ఆ తీగ గుండా వెళ్లేది విడివిడి గొంతులు కావు. కలిసిపోయిన ఎడమ, కుడి ధ్వనులు రెండే. పాలూ నీళ్లూ కలిపాక వేరుచేయడం ఎంత కష్టమో, వంతగత్తె గొంతు అమ్మమ్మ గొంతును మింగివేసినప్పుడు దానిని తగ్గించడమూ అంతే కష్టం. ప్రతి మైకు ధ్వనిని విడిగా నమోదు చేసే యంత్రాలూ ఉన్నాయి. జూమ్ వారి లైవ్‌ట్రాక్ ఎల్-8 అటువంటిది. కంప్యూటరు లేకుండానే జ్ఞాపకశక్తి కార్డుపై ఒక్కొక్క చానలును వేర్వేరుగా ముద్రిస్తుంది. వాటి ఖరీదు సహజంగానే ఎక్కువ. అంత భరించలేనివాడు, పాడేవారిని ముందే కూర్చోబెట్టి, పాళ్లు సరిచూసుకొని, ఒక పల్లవి ముద్రించి విని, ఆ తరువాతనే అసలు పాటకు పూనుకోవాలి. ఒక్క గొంతే ముద్రించవలసి ఉంటే మాత్రం మిక్సర్ జోలికే పోనక్కరలేదు. రెండు మైకు ప్రవేశాలున్న ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె ఆ పనిని హాయిగా నెరవేరుస్తుంది. రెండు ధ్వనులను విడివిడిగానే కంప్యూటరుకు అందిస్తుంది కూడా.

మైకు నుండి వెలువడే విద్యుత్ సంకేతం అత్యల్పం. దానిని పెంచేది ప్రీయాంప్లిఫయర్. మిక్సర్ మంచిచెడ్డలు ముఖ్యంగా దీనిపైనే ఆధారపడి ఉంటాయి. పెంపును నియంత్రించే గుండీని గెయిన్ అంటారు. అది తక్కువైతే తరువాత ధ్వనిని పెంచినప్పుడు ‘స్’ మనే రొద కూడా పెరుగుతుంది. మరీ ఎక్కువైతే పాటలోని ఉచ్ఛస్థాయి చిట్లిపోతుంది. అలా చిట్లిన ధ్వనిని పూర్వస్థితికి తీసుకురావడం దాదాపు అసాధ్యం. గట్టిగా పాడించి చూసినప్పుడు కంప్యూటరు తెరపై సూచిక సున్నాకు పన్నెండు డెసిబెళ్ల దిగువన ఆడేటట్లు అమర్చుకొంటే నిశ్చింతగా ఉండవచ్చు.

కండెన్సర్ మైకులు వాడదలచినవారు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ మీట ఉన్నదో లేదో చూడాలి. ఈ 48 అనే అంకె వెనుక చిన్న కథ ఉంది. 1966లో నార్వే ప్రసార సంస్థకు న్యూమన్ సంస్థ మైకులు సమకూర్చినప్పుడు, ఆ స్టూడియోలలో అత్యవసర దీపాల కోసం 48 వోల్టుల సరఫరా ముందే ఉండడంతో దానినే వాడుకొన్నారు. అదే లోకమంతటా ప్రమాణమై కూర్చుంది! పాత మిక్సర్ కొనేవారు మల్టీమీటరుతో ఈ వోల్టేజిని కొలిచి చూడడం మంచిది. ప్రతి గుండీనీ నెమ్మదిగా తిప్పుతూ హెడ్‌ఫోన్లలో వినాలి. బరబరమన్న చప్పుడు వస్తే లోపల దుమ్మో, అరుగుదలో ఉన్నట్లు.

ప్రతిధ్వని వంటి అలంకారాలు ఇరవైనాలుగున్నాయి, నలభై ఉన్నాయి అని అంగడివారు ఊరించడం కద్దు. ముద్రణలో ఒకసారి కలిసిన ప్రతిధ్వనిని తొలగించడం దుస్సాధ్యం. కంప్యూటరులో తరువాత చేర్చడం సులభం. అందువల్ల వాటి కోసం ఒక్క రూపాయి కూడా అదనంగా వెచ్చించనవసరం లేదు. లో-కట్ అనే చిన్న మీట అలా కాదు. మైకు స్టాండు అదురును, దూరంగా పోయే లారీ గుర్రును అది చాలావరకు అరికడుతుంది. హెడ్‌ఫోన్ల ప్రవేశం కూడా విలువైనదే. కంప్యూటరు గుండా తిరిగి వచ్చిన గొంతు కొంత ఆలస్యంగా వినబడి పాడేవారిని తికమకపెడుతుంది. మిక్సర్ నుండి నేరుగా వింటే ఆ జాప్యం ఉండదు.

సొమ్మంతా మిక్సర్‌కే ధారపోయడం పొరపాటు. మైకు, తీగలు, స్టాండు, హెడ్‌ఫోన్లు కూడా కొనవలసినవే. గది విషయం అంతకంటె ముఖ్యం, పైగా అది దాదాపు ఉచితం. బోడి గోడల మధ్య గొంతు డొల్లగా వినిపిస్తుంది. దండెం కట్టి రెండు బొంతలు వేలాడదీస్తే ఆ లోపం చాలావరకు తీరుతుంది. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. ముద్రణలో గుయ్యిమన్న హోరు వినిపిస్తే ల్యాప్‌టాప్ ఛార్జరు తీసి బ్యాటరీపై నడిపి చూడాలి. హోరు ఆగితే లోపం మిక్సర్‌లో లేదు, కరెంటు ఎర్తులో ఉంది.

ఇన్నీ సమకూరాక ఆ విద్యార్థి పంకా ఆపి, వంటింట్లో కుక్కరు దింపించి, అమ్మమ్మను పీటపై కూర్చోబెట్టాడనుకోవాలి. పాటకు ముందు ఆమె, ‘ఇది మా అత్త దగ్గర నేర్చుకున్నాను రా’ అంటూ ఏదో చెప్పబోతుంది. రికార్డు మీట అప్పటికే నొక్కి ఉండాలి.