సిండ్రెల్లా పాదం: ఒక వైజ్ఞానిక నవలా పఠనం

పాత కథను కొత్తగా చెప్పిన గ్రంథం చేతికి వచ్చినప్పుడు విద్యార్థులు సాధారణంగా వేసుకొనే ప్రశ్న ఒక్కటే: మూలంలో ఉన్నవన్నీ ఇందులో ఉన్నాయా? సవతి తల్లి ఉన్నదా, రాకుమారుడు ఉన్నాడా, గుమ్మడికాయ బండి ఉన్నదా అని వ్రేళ్లు మడిచి లెక్కించి, పోలికలు కుదరగానే పుస్తకం మూసివేస్తారు. ఈ పద్ధతి వలన ప్రయోజనం స్వల్పం. మూలంలోని ఏ వస్తువు కొత్త కథలో తలక్రిందులైనదో పట్టుకొనగలిగితే రచయిత ఆలోచన అక్కడ దొరుకుతుంది. అమెరికన్ రచయిత్రి మరిస్సా మేయర్ 2012లో వెలువరించిన 'సిండర్' అనే నవలను ఆధారంగా చేసుకొని ఈ విషయాన్ని వివరింపదలచాము.

ముందుగా మూలాన్ని చూద్దాం. మనకు పరిచయమైన గాజు చెప్పు ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో 1697లో ప్రకటించిన కథలోనిది. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో ప్రచురించిన కథాసంపుటిలోనూ ఈ కథ ఉన్నది. వారి సంపుటి తరువాతి కూర్పులలో అది బంగారు చెప్పు. అంతకు ఎంతో పూర్వమే, 9వ శతాబ్దంలో, చైనాలో దువాన్ చెంగ్‌షి అనే పండితుడు యె షియెన్ అనే బాలిక కథను గ్రంథస్థం చేశాడు. అక్కడ వరాలిచ్చేది దేవత కాదు, చేప ఎముకలు. చెప్పు మాత్రం బంగారుదే. ఈ కథలన్నింటిలోనూ చిన్న చెప్పు, దానికి సరిపోయే చిన్న పాదమే నాయికను గుర్తించే ఆనవాలు. గ్రిమ్ కథలో తల్లి మాట విని ఒక కూతురు కాలివ్రేలు, మరియొక కూతురు మడమ కోసుకొంటారు. పిల్లలకు చెప్పేటప్పుడు పెద్దలు ఈ ఘట్టాన్ని దాటవేస్తూ ఉంటారు గాని, కథలోని కాఠిన్యమంతా అక్కడే ఉన్నది. చెప్పుకు తగినట్లు మనిషి తనను తాను కోసుకొనవలసిందే!

ఇక నవల. నాలుగవ ప్రపంచ యుద్ధం ముగిసిన చాలా కాలానికి, కొత్త బీజింగ్ నగరంలో కథ జరుగుతుంది. పదహారేండ్ల సిండర్ బజారులో యంత్రాలు బాగుచేసే మెకానిక్కు. ఆమె దేహంలో 36.28 శాతం యంత్రం. ఒక చేయి, ఒక కాలు లోహంతో చేసినవి. ఇటువంటి వారిని ఆ కథలో సైబోర్గులంటారు. కథారంభంలోనే ఆమె తన దుకాణంలో కూర్చొని, చీలమండ దగ్గరి మరను విప్పి, లోహపు పాదాన్ని ఊడదీస్తుంది. అది పదకొండేండ్ల వయస్సులో అమర్చినది. ఇప్పుడు ఆమెకు చాలదు. సంపాదన అంతా పెంపుడు తల్లి ఆడ్రి చేతిలోకి పోతున్నందున ఇన్నేండ్లూ ఆ ఇరుకు పాదంతోనే కుంటుకొన్నది. రాకుమారుడు కాయ్ తన రోబోను బాగుచేయించుకొనుటకు వచ్చేది సరిగ్గా ఆ పాదం లేని సమయంలోనే.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. పాత కథలో చిన్న పాదం సౌకుమార్యానికి చిహ్నం. ఈ నవలలో చిన్న పాదం దారిద్ర్యానికి గుర్తు. పాత కథలో చెప్పు కొరకు పాదాన్ని కోసుకొన్నారు. ఇక్కడ పాదమే చెప్పువలె విప్పి మార్చుకొనదగిన వస్తువైనది. వస్తువైన దానికి ఒక యజమాని ఉంటాడు కదా! సైబోర్గు అయినందున సిండర్ చట్టరీత్యా ఆడ్రి అధీనంలోనిది. లెట్యుమోసిస్ అనే మహమ్మారికి మందు కనుగొనే పరీక్షలకు ప్రభుత్వం సైబోర్గులను లాటరీ పద్ధతిలో ఎన్నుకొంటుంది. సొంత కూతురు పియొనీకి ఆ వ్యాధి సోకగానే ఆడ్రి సిండర్‌ను స్వయంగా ఆ పరీక్షలకు అప్పగిస్తుంది. తరువాత ఆమె కొత్త పాదాన్ని కూడ తనదేనంటూ లాగుకొంటుంది. గిన్నెలు తోమించిన సవతి తల్లి కంటె ఈమె క్రూరురాలు, ఎందుకంటే ఈమె చేసేదంతా చట్టబద్ధమే.

చంద్రమండలపు రాణి లెవానా సంగతి క్లుప్తంగా చెబుతాము. ఎదుటివారి కండ్లకు లేని సౌందర్యాన్ని కల్పించి చూపగల శక్తి ఆమెది. అద్దాలంటే ఆమెకు సరిపడదు. మన ఉర్దూ విభాగపు మిత్రులకు దాస్తాన్లలోని తిలిస్మ్ పరిచితమే కనుక వారికి ఈ పాత్రను వేరుగా వివరింపనక్కరలేదు.

రాజభవనంలో నాట్యోత్సవం నాటి రాత్రి నగరం విడిచి పారిపోదామని సిండర్ సిద్ధపడుతుంది. లెవానా కాయ్‌ను వివాహమాడి, ఆపైన చంపదలచినదని అప్పుడే తెలుస్తుంది. అతనిని హెచ్చరించుట కొరకే ఆమె నాట్యోత్సవానికి పోతుంది. నలిగిన దుస్తులు, చమురు మరకల చేతితొడుగులు, తాను చెత్తలోనుండి తెచ్చి బాగుచేసుకొన్న నారింజరంగు పాత పెట్రోలు కారు. అదే గుమ్మడికాయ! దేవత లేదు, ఉన్నది ఆమె పనితనమే. కాలికి మళ్లీ ఆ పాత చిన్న పాదమే. వెడలిపోతూ ఉండగా మెట్లమీద ఆ పాదం తీగలనుండి ఊడిపోతుంది, ఆమె యంత్రదేహం రాకుమారుని కంటబడుతుంది. పెరో కథలో జారిపోయిన చెప్పు నాయిక గుర్తింపునకు మార్గమైనది. ఇక్కడ ఊడిపోయిన పాదం ఆమె దాచుకొన్న రహస్యాన్ని బయటపెట్టినది. కాయ్ ముఖంలో కనిపించినది ఆనందం కాదు.

నవలలో లోపం లేకపోలేదు. సిండర్ నిజానికి చంద్రమండలపు యువరాణి సెలీన్ అని చివర తేలుతుంది. శ్రద్ధగా చదివేవారు సగంలోనే ఊహించగలరు. మా అభ్యంతరం రహస్యం తేలికగా తెలియడం గురించి కాదు. బజారులో మరలు బిగించే పిల్లకు ఆ పనివల్లనే గౌరవం దక్కాలని ఇన్ని పుటలు వాదించి, తుదకు రాజరక్తాన్ని సాక్ష్యానికి పిలువవలసిన అవసరమేమిటి? పెరో నాయిక సైతం పేదింటి పిల్ల కాదు, కులీనుని కుమార్తె. పోగొట్టుకొన్న స్థానాన్ని తిరిగి పొందుటయే ఆ కథ. మేయర్ ఎన్నింటినో తలక్రిందులు చేసి, ఈ ఒక్కదానిని మాత్రం కదపలేదు. తరువాత 2013 నుండి 2015 వరకు వచ్చిన 'స్కార్లెట్', 'క్రెస్', 'వింటర్' నవలల కథకు ఈ యువరాణి అవసరమని సమాధానం చెప్పవచ్చు. అది కథానిర్మాణానికి సమాధానమే గాని మా ప్రశ్నకు కాదు.

ముగింపు మాత్రం మెచ్చదగినది. పెండ్లి లేదు. సిండర్ చెరసాలలో ఉంటుంది. డాక్టర్ ఎర్లాండ్ అక్కడికి వచ్చి ఆమెకు కొత్త చేయి, కొత్త పాదం ఇస్తాడు. ఇంటికి పోయి గ్రిమ్ సోదరుల కథను, ఈ నవల మొదటి ప్రకరణాన్ని ఒకే పూట చదివి, పాదం ప్రసక్తి వచ్చిన వాక్యాలను మాత్రం రెండింటినుండి ఎత్తి వ్రాసుకొని తరగతికి రావలసినదిగా మా విద్యార్థులను కోరుతున్నాము.