ఆటల పిరియడ్లో కూడా లెక్కలేనా?

ప్రశ్న: మాది కర్ణాటక పావగడ తాలూకాలోని క్యాతగానచెర్లు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయికి ఆటల, లైబ్రరీ పిరియడ్లలో కూడా లెక్కలే చెబుతున్నారు. అయినా మార్కులు రావడం లేదు. ఏం చేయాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అబ్బాయికి ముందు కావలసింది కన్నడ చదివి అర్థం చేసుకునే తీరిక. లెక్క వచ్చినా ప్రశ్న బోధపడకపోతే పెన్ను కదలదు. పైగా కన్నడ మొదటి భాషైతే ఎస్సెస్సెల్సీలో (పదో తరగతి పరీక్షలో) దానికే 125 మార్కులు. అందుకే లైబ్రరీ పిరియడ్ పోనివ్వకండి.

లెక్కలు, సైన్సు పొద్దున పూట ఉంటే మేలు. అన్నం తిన్నాక పిల్లలు కునికే వేళ బొమ్మలు, ప్రయోగాలు, కథల పుస్తకాలు పెట్టుకోవచ్చు. ఆటలు చివర్లో. టైంటేబుల్ రాసుకొచ్చి, వారంపాటు ఏ పిరియడ్లో నిజంగా ఏం జరిగిందో అబ్బాయి చేత పక్కనే రాయించండి. ఆ కాగితం తీసుకుని హెడ్మాస్టరుగారితో, ఎస్‌డీఎంసీ (బడి అభివృద్ధి, పర్యవేక్షణ సమితి) సభ్యులతో నెమ్మదిగా మాట్లాడండి.

ఇంట్లో రోజూ ఒక లెక్క ప్రశ్నను కన్నడలో గట్టిగా చదివించి, అందులో ఏమడిగారో తెలుగులో చెప్పమనండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

రెండు నెలలైనా కన్నడలో చిన్న పేరా చదవలేకపోతే క్లాసు టీచరును కలవండి. బోర్డు మసకగా కనిపిస్తోందంటే వెంటనే కంటి పరీక్ష చేయించండి. బడిలో మార్పు లేకుంటే పావగడ బీఈవో (బ్లాక్ విద్యాధికారి) ఆఫీసులో అర్జీ ఇవ్వండి.