మెయిల్‌లో ‘చేయండి’ ఉండదు

ఆంధ్ర–తమిళనాడు సరిహద్దులోని ఆరంబాక్కం నుంచి హైవే మీద ఉత్తరానికి వెళితే తడ, ఆ పక్కనే శ్రీసిటీ. దక్షిణానికి వెళితే గుమ్మిడిపూండి సిప్‌కాట్ పారిశ్రామికవాడ. ఎటు డ్యూటీకి వెళ్లినా మాట్లాడుకోవడం తెలుగులోనో తమిళంలోనో సాగిపోతుంది. షిఫ్టు రిపోర్టు, మెయిల్ మాత్రం ఇంగ్లీషులో రాయాలి. చిక్కు అక్కడే.

‘అప్రూవల్ చేయండి సార్’ అన్నా, ‘అప్రూవ్ చేయండి సార్’ అన్నా మనకు పని జరుగుతుంది. తమిళంలో ‘పణ్ణుంగ’ తగిలించినా అంతే. క్రియ పనంతా ఆ చివరి మాటే చూసుకుంటుంది. ఇంగ్లీషులో ఆ ఆసరా లేదు. అందుకే ‘ప్లీజ్ అప్రూవల్’ అని రాస్తే వాక్యం క్రియ లేకుండా మిగిలిపోతుంది.

అనుమానం వస్తే మాట ముందు ‘యువర్’ పెట్టి చూడండి. ఇమిడితే నామవాచకం: యువర్ అప్రూవల్, యువర్ డెలివరీ. ‘విల్’ ఇమిడితే క్రియ: విల్ అప్రూవ్, విల్ డెలివర్.

కొన్ని జంటలను చెవి పట్టిస్తుంది. చివర ‘స’ పలికితే నామవాచకం, ‘జ’ పలికితే క్రియ: అడ్వైస్–అడ్వైజ్, ఎక్స్‌క్యూస్–ఎక్స్‌క్యూజ్. అలాగే ‘ఫ’ నామవాచకం, ‘వ’ క్రియ: ప్రూఫ్–ప్రూవ్, రిలీఫ్–రిలీవ్. ఉద్యోగం మానేటప్పుడు అడిగే రిలీవింగ్ లెటర్ ఈ రిలీవ్ నుంచి వచ్చిందే.

చెవికి దొరకనివీ ఉన్నాయి. లైసెన్స్, ప్రాక్టీస్ ఎలా వాడినా ఒకేలా పలుకుతాయి. బ్రిటిష్ పద్ధతిలో నామవాచకమైతే చివర ‘సీ ఈ’, క్రియైతే ‘ఎస్ ఈ’. మన 1988 మోటారు వాహనాల చట్టంలో డ్రైవింగ్ లైసెన్స్‌కు ‘సీ ఈ’నే వాడారు. అమెరికా పద్ధతి వేరు: లైసెన్స్‌కు ఎప్పుడూ ‘ఎస్ ఈ’, ప్రాక్టీస్‌కు ఎప్పుడూ ‘సీ ఈ’. కాబట్టి మీ కంపెనీ ఏ పద్ధతి పాటిస్తుందో చూసుకోండి.

మెషీన్ దగ్గరి మాటల్లో తేడా మాటల మధ్య ఖాళీలో ఉంటుంది. షట్‌డౌన్, బ్యాకప్, లాగిన్ నామవాచకాలైతే కలిపి రాయాలి, క్రియలైతే విడదీయాలి. నిన్నటి పని చెప్పాలంటే ‘లాగిన్డ్’ కాదు, ‘లాగ్డ్ ఇన్’.

షిఫ్టు రిపోర్టులో ఎక్కువగా దొర్లేది లాస్. ‘వుయ్ లాస్ టూ అవర్స్’ తప్పు. ‘వుయ్ లాస్ట్ టూ అవర్స్’ ఒప్పు. దీని మూల క్రియ లూజ్, స్పెల్లింగులో ఒకటే ‘ఓ’. రెండు ‘ఓ’లు రాస్తే అది వదులైన బోల్టు.

మెయిల్ సబ్జెక్టు లైన్‌లో ‘రిక్వెస్ట్ ఫర్ అప్రూవల్’ అని నామవాచకాలతో సరిపెట్టవచ్చు. లోపలి మొదటి వాక్యంలో మాత్రం ఎవరు ఏం చేయాలో చెప్పే క్రియ ఉండి తీరాలి. సెండ్ నొక్కే ముందు అది ఎక్కడుందో వెతకండి. కనబడకపోతే ఆ ఒక్క వాక్యం తిరగరాయండి.