కదలని సైకిలుపై పందెం సాధన

హాస్టల్ వరండాలో ట్రైనర్ స్టాండుకు బిగించిన సైకిలు తొక్కుతుంటే మిత్రులు "ఏరా, ఎంతదాకా వచ్చావ్?" అని ఆటపట్టించేవారు. దానికి నేను ఆలస్యంగా నేర్చుకున్న జవాబే ఈ వ్యాసం.

మొదటి ఏడాది అంతర్ కళాశాల సైకిలు పందెం కోసం వానాకాలమంతా అలాగే తొక్కాను. పద్ధతంటూ లేదు. ఉత్సాహమున్న రోజు ఊపిరాడనంతగా, లేని రోజు పంతానికి పోయి దాదాపు అంతే. చెమట కారింది కదా, సాధన జరిగినట్టే అనుకున్నాను. తీరా పందెంలో అరగంటకే ఎవరో వేగం పెంచారు. అంతే, నాకు మిగిలింది వాళ్ల వీపులే!

తప్పెక్కడ? శరీరం బలపడేది శ్రమలో కాదు, ఆ తరువాతి విశ్రాంతిలో. రోడ్డు మీదైతే పల్లం వస్తే కాళ్లకు కాస్త తెరిపి దొరుకుతుంది, ఒంటికి గాలి తగులుతుంది. గదిలో ఆ రెండూ లేవు. కనుక విశ్రాంతిని మనమే లెక్కగట్టి ఇచ్చుకోవాలి. రోజూ ఒకే మోస్తరుగా అలసిపోతే, గట్టిగా తొక్కవలసిన రోజున గట్టిగా తొక్కలేం.

లెక్క ప్రకారం చేసే సాధనకు బలమైన సాక్ష్యముంది. జపాను శాస్త్రజ్ఞుడు ఇజుమి తబాతా బృందం 1996లో ప్రకటించిన ప్రయోగంలో యువకులు నిలకడ సైకిలుపై 20 సెకన్లు తీవ్రంగా తొక్కడం, 10 సెకన్లు ఆగడం, ఇలా 7, 8 విడతలు చేశారు. 6 వారాలలో వారి ప్రాణవాయు వినియోగ శక్తి పెరిగింది, ప్రాణవాయువు చాలని వేళ శ్రమించే శక్తి అయితే 28 శాతం పెరిగింది. గంటసేపు ఒకే తీరున తొక్కినవారిలో మొదటిది మాత్రమే పెరిగింది.

మరి స్వేచ్ఛగా తొక్కడం దండగా? కాదు. స్వీడన్ శిక్షకుడు గోస్టా హోల్మెర్ 1930లలో పరుగువీరులకు నేర్పిన 'ఫార్ట్‌లెక్' పద్ధతి అచ్చంగా అదే. అంటే వేగంతో ఆట. పందెంలో వేగం ఎప్పుడు పెంచాలో నిర్ణయించేది మన గడియారం కాదు, ప్రత్యర్థి. ఆ ఆకస్మికానికీ అలవాటు పడాలి.

మాథ్యూ హేమన్ 2016లో చెయ్యి విరిగి, కొన్ని వారాలు ఇంట్లోనే ట్రైనర్‌పై సాధన చేసి, పారిస్-రూబే పందెం గెలిచాడు. అయితే అతని వెనుక ఎన్నో ఏళ్ల రోడ్డు అనుభవం ఉందని మరువరాదు.

రెండో ఏడాది వారాన్ని ఇలా పంచుకున్నాను: రెండు రోజులు గడియారం పెట్టుకొని 4 నిమిషాలు గట్టిగా, 4 నిమిషాలు తేలికగా, నాలుగేసి విడతలు. ఒక రోజు స్వేచ్ఛ: గది మిత్రుడు చదువుకుంటూ తనకు తోచినప్పుడు "పద!" అని అరిచేవాడు, నేను ఎగబడి తొక్కేవాణ్ని. మూడు రోజులు కబుర్లు చెప్పగలిగేంత నెమ్మదిగా. ఆదివారం సెలవు.

పందెం గెలిచానా? లేదు. కాని ఈసారి గుంపుతోనే గీత దాటాను. ఇప్పుడెవరైనా "ఎంతదాకా వచ్చావ్?" అంటే, "నెమ్మదిగా తొక్కవలసిన రోజు నెమ్మదిగా తొక్కేదాకా వచ్చాను" అంటాను. అన్నిటికంటే కష్టమైన పాఠం అదే!