కంపైలర్ డిజైన్‌ను పాస్ మార్కులకు వదిలేయకండి

సీ ప్రోగ్రాములో ఏడో లైను చివర సెమీకోలన్ మరిచిపోతే, పాత కంపైలర్లు ఎనిమిదో లైనులో తప్పుందని చెప్పేవి. ఏ తప్పూ లేని ఆ లైనునే పట్టుకుని ఫస్టియర్ పిల్లలు తల బద్దలుకొట్టుకునేవారు. తర్వాతి పదం ఎదురయ్యేదాకా సెమీకోలన్ లేదన్న సంగతి పార్సర్‌కు తెలియదు, అదీ కారణం. ఇప్పటి జీసీసీ, క్లాంగ్ ఏడో లైను చివరనే బాణం గుర్తు పెట్టి చూపిస్తున్నాయి. ఎవరో పనిగట్టుకుని సరిచేశారు కాబట్టే ఆ సుఖం. కంపైలర్లు, డీబగ్గర్లు, కోడ్‌లో లోపాలు పట్టే ఎనలైజర్లు తయారుచేసేవాళ్ల ఉద్యోగం ఇలాంటిదే.

కర్నూలు ట్రిపుల్ఐటీ అయినా, ఇడుపులపాయ ట్రిపుల్ఐటీ అయినా, జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలైనా, సీఎస్‌ఈ వాళ్లలో చాలామంది ఫ్లాట్ (ఫార్మల్ లాంగ్వేజెస్, ఆటోమాటా థియరీ), కంపైలర్ డిజైన్ గట్టెక్కితే చాలనుకుంటారు. నా దృష్టిలో చేజేతులా పోగొట్టుకుంటున్న అవకాశమిది.

బెంగళూరు ఐఐఎస్సీ ప్రొఫెసర్ ఉదయ్ కుమార్ రెడ్డి బొందుగులనే చూడండి. మద్రాస్ ఐఐటీలో బీటెక్, ఒహాయో స్టేట్‌లో పీహెచ్‌డీ చేశారు. ప్రోగ్రాములోని లూపులను తనంతట తానే తిరగరాసి, మల్టీకోర్ ప్రాసెసర్ మీద వేగంగా నడిపించే ప్లూటో ఆయన పనే. 2019లో గూగుల్ విడుదల చేసిన ఎంఎల్ఐఆర్ అనే కంపైలర్ వేదికను తయారుచేసిన తొలి బృందంలో ఉన్నారు. హైదరాబాద్ ఐఐటీలో రామకృష్ణ ఉపద్రష్ట బృందం ఎల్‌ఎల్‌వీఎం అనే ఓపెన్ సోర్స్ కంపైలర్ వేదిక మీద పరిశోధన చేస్తోంది. కొత్త ఏఐ చిప్ వచ్చిన ప్రతిసారీ దానికి కంపైలర్ కావాలి. హైదరాబాద్, బెంగళూరుల్లో క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్‌విడియా లాంటి సంస్థలకు ఈ నిపుణుల అవసరం అందుకే.

అయితే ఇది మూడు నెలల కోచింగ్‌తో వచ్చే ఉద్యోగం కాదు. సీ ప్లస్ ప్లస్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ మీద గట్టి పట్టుండాలి. ఎంటెక్ ఉంటే దారి సులువవుతుంది. కంపైలర్ డిజైన్ గేట్ సిలబస్‌లోనూ ఉంది కనుక ఆ చదువు రెండు విధాలా పనికొస్తుంది.

ఎక్కడ మొదలెట్టాలంటారా? ముందు కూడికలు, గుణకారాలు అర్థం చేసుకునే చిన్న కాలిక్యులేటర్ రాయండి. దానికి ఇఫ్, వైల్ చేర్చండి. తర్వాత ఎల్‌ఎల్‌వీఎం వాళ్ల కెలైడోస్కోప్ పాఠం పట్టండి, పైసా ఖర్చు లేదు. ఎల్‌ఎల్‌వీఎం మొత్తాన్నీ సొంతంగా బిల్డ్ చేయబోతే తక్కువ ర్యామ్ లాప్‌టాప్ మొరాయిస్తుంది, రెడీమేడ్ ప్యాకేజీ వేసుకోండి. వై.ఎన్. శ్రీకాంత్ గారి కంపైలర్ పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉచితం.

ఈ సెమిస్టర్ ల్యాబ్‌లో లెక్స్, యాక్ ప్రోగ్రాములను సీనియర్ల రికార్డు చూసి దించకండి. ఒక్కటైనా మీ చేత్తో రాసి, నడిపించి చూడండి.