కావలి వీడని నిద్ర

హుస్సేన్ సాగరము నిండినప్పుడు మిగులు నీరు ఒక కాలువ వెంట దోమలగూడ, అశోక్ నగర్, చిక్కడపల్లి ప్రాంతముల మీదుగా పారి, తుదకు మూసీనదిలో కలియును. వేసవిలో ఆ కాలువను దాటువారు ముక్కు మూసికొందురే గాని దానిని చూచి భయపడరు. 2000వ సంవత్సరము ఆగష్టు 24వ తేదీన హైదరాబాదు నగరమున ఒక్క దినములో 24 సెంటీమీటర్లకు మించిన వాన నమోదయ్యెను. కాలువ పొంగి, ఒడ్డుననున్న ఇండ్లలో ప్రవేశించెను. వరద తీసిన పిమ్మట మునిగిన ఇండ్లను, కూలిన గోడలను లెక్కించుట లోకరీతి. పిల్లలు పోగొట్టుకొన్న నిద్ర అట్టి లెక్కలలో చేరదు.

మూడేండ్ల పిమ్మట నారాయణగూడ సమీపమునగల ఒక పాఠశాలలో నేను ఎనిమిదవ తరగతికి తెలుగు బోధించుచుంటిని. ఆ తరగతిలో ఒక బాలుడు పద్యమును రాగయుక్తముగా చదివెడివాడు. కాని రెండవ గంట మ్రోగకమునుపే బల్లపై తల వాల్చెడివాడు. తోటివారు కుంభకర్ణుడని పేరు పెట్టిరి. ఒక ఉపాధ్యాయుడు అతనిని తరచుగా బల్లపై నిలువబెట్టెను. నిజమునకు ఆ బాలుడు అతినిద్ర గలవాడు కాడు, నిద్రయే కరవైనవాడు. ఒకనాడు అతని అమ్మమ్మ వచ్చి సంగతి తెలిపెను. వరదనాడు వేకువకు ముందు, చాపమీద పరుండియున్న బాలుని వీపునకు చల్లని నీరు తగిలెనట. అప్పటినుండి రాత్రి నాలుగైదు మారులు లేచి, నేల తడిగానున్నదేమోయని అరచేతితో తడవి చూచుచుండెను. పుస్తకముల సంచిని అటకపై పెట్టనిదే కన్ను మూయడు. ఆ యింట ఎవరును మరణింపలేదు. కావున పిల్లవానికి ఏమియు కాలేదనియే పెద్దలు తలచియుండిరి.

నిద్రించుట యనగా దేహము తన కావలిని కొంతసేపు విడుచుట. మెదడులో బాదంగింజ ఆకారము గల అమిగ్డలా అను చిన్న భాగము ఆపదను పసిగట్టి దేహమును హెచ్చరించును. చిన్నతనమున గొప్ప భయమునకు లోనైనవారిలో ఈ కావలివాడు ఆపద గడచిన తరువాతను సెలవు పుచ్చుకొనడు. రేకులపై చినుకు పడినను, తలుపు కిఱ్ఱుమనినను గుండె వేగముగా కొట్టుకొనును. వరద యొక్కటియే దీనికి కారణము కాదు. ఇంట దెబ్బలు తినినవారికిని, తల్లిదండ్రులను కోల్పోయినవారికిని, ప్రమాదమును కన్నులార చూచినవారికిని ఇట్టి స్థితి కలుగవచ్చును.

1953లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను శాస్త్రజ్ఞులు నిద్రలో ఒక విచిత్రమైన దశను వర్ణించిరి. ఆ దశయందు మూసిన రెప్పల క్రింద కన్నులు వేగముగా కదలును. స్పష్టమైన కలలు ఎక్కువగా అప్పుడే వచ్చును. పగటి అనుభవములలోని వేడి ఈ దశలో కొంత చల్లారునని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. భయపడిన బాలునకు సరిగా ఈ దశలోనే పీడకల వచ్చి నిద్ర చెడును. గాయము మాన్పవలసిన మందే అతనికి అందకపోవుచున్నది! పదమూడు మొదలు పదునెనిమిది ఏండ్ల వయసువారికి రోజునకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరము. అది దొరకనిచో చదివినది నిలువదు. కోపమును, దిగులును పెరుగును. పెరిగిన దిగులు మరల నిద్రను చెరచును.

ఇచట ఒక మాట చెప్పవలెను. అశోక్ నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదువు యువకులు, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున పగలంతయు కూర్చుండి, రాత్రియు గదిలో దీపము ఆర్పక చదువుట కలదు. నిద్ర మానుటయే పట్టుదలయని కొందరి భ్రమ. నాకది మెచ్చదగినదిగా తోచదు. అయినను వారు కోరి మేల్కొనువారు, తలచినచో పరుండగలరు. మనము చెప్పుకొను పిల్లలు పరుండగోరియు నిద్రింపలేనివారు. ఇరువురును తెల్లవారి ఒకే విధముగా ఆవులింతురు గనుక, చూచువారికి భేదము తెలియదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున లండనుపై బాంబులు పడుచుండగా, ఆనా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగ్‌హామ్ అను స్త్రీలు హాంప్‌స్టెడ్‌లో శిశుగృహములను నడపిరి. తల్లి చెంతనున్న పిల్లలు బాంబుల మ్రోతను సహితము చాలవరకు తట్టుకొనిరనియు, తల్లిని ఎడబాసిన పిల్లలే ఎక్కువగా కుమిలిరనియు వారు గమనించిరి. అనగా కావలివానికి సెలవు దొరకవలెనన్నచో, నమ్మదగిన వేరొకరు ఆ కావలి పనిని స్వీకరింపవలెను.

మా బాలుని విషయమున జరిగినది ఇదియే. అమ్మమ్మ అతనిని నులకమంచముపై పరుండబెట్టి, తన చాపను ప్రక్కనే పరచుకొనెను. ప్రతి రాత్రియు ఒకే వేళకు చిన్న దీపమునుంచి, "నేల నేను చూచుకొందును" అని చెప్పెడిది. పాఠశాలలో శిక్షలు మాన్పింపబడెను. మా చిత్రలేఖనపు ఉపాధ్యాయుడు ఆ పీడకలను పగటివేళ బొమ్మగా గీయించి, దాని తుదిని నీకిష్టమైనట్లు మార్చుమనెను. బాలుడు తన యింటికి ఆరు ఎత్తైన మెట్లు గీసి, నీటిని నాలుగవ మెట్టున ఆపివేసెను. పీడకలల తుదిని మార్చి మరల మరల తలచుకొనుట వైద్యులును ఉపయోగించు పద్ధతియే. వారములు గడచినను నిద్ర కుదురనిచో వైద్యుని చూడవలెను. మనోవేదనకు సలహా నిచ్చు టెలి మానస్ అను ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభమైనది. దాని సంఖ్య 14416. ఇంటనే భయమున్న పిల్లలు 1098 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

ఆ సంవత్సరాంతమునకు బాలుడు మూడవ గంటలోను మేల్కొనియుండి పద్యములు చదువుచుండెను. వాన కురిసిన రాత్రి మాత్రము ఒక్కమారు లేచి, మంచము మీదినుండి చేయి చాచి నేలను తాకి, మరల పరుండెడివాడని అమ్మమ్మ చెప్పెను.