బ్యాలెన్సింగ్ వేరు, గుండ్రం వేరు

కూర్మన్నపాలెం

చిరంజీవి మేనల్లుడికి,

కారు చక్రాలకి మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా 90 దాటగానే స్టీరింగ్ వణుకుతోందన్నావు. నాలుగోసారి చేయించకు, డబ్బు దండగ. కారు కొన్న ముహూర్తమే బాగోలేదంటోంది మీ అత్త. ముహూర్తం మాటెలా ఉన్నా, నీకు అమ్మినాయన దాన్ని ఏడాదిన్నర షెడ్డులోంచి కదపలేదన్నావే, నా అనుమానమల్లా అక్కడే. గాలి తగ్గిన టైరు ఒకే చోట అన్నాళ్లు బరువు మోస్తే నేలకానిన భాగం చదునైపోతుంది. నాలుగు రోజుల చదునైతే పాతిక కిలోమీటర్లు తిరిగి వేడెక్కాక సర్దుకుంటుంది. నెలల తరబడి పడింది చాలాసార్లు సర్దుకోదు.

మా విశాఖ స్టీల్ ప్లాంటు 1992లో జాతికి అంకితమయ్యేనాటికే నేను రోల్ షాపులో ఉన్నాను. కడ్డీని నొక్కి సాగదీసే రోల్ మీద ఒక్కచోట తేడా ఉన్నా కడ్డీ మీద అదే మచ్చ పదేపదే పడేది. కడ్డీ వరసగా దాటే స్టాండ్లలో ఆఖరిదాని రోల్‌దైతే మచ్చకీ మచ్చకీ మధ్య దూరం దాదాపు ఆ రోల్ చుట్టుకొలతే. ముందు స్టాండుదైతే కడ్డీతో పాటు సాగి ఇంకా దూరంగా కనబడేది. టేపు పట్టుకునే దొంగ రోల్‌ని పట్టేవాళ్లం. నీ చక్రానిదీ అదే లెక్క. దాని చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. 100 వేగంలో సెకనుకు దాదాపు 14 చుట్లు. గుండ్రం తప్పిన చోటు సెకనుకు 14 సార్లు రోడ్డుని గుద్దుతుంది. నీ టైర్ల పక్కగోడలు మరీ పొట్టివి కదా, ఆ గుద్దు మెత్తబడకుండా చేతికొచ్చేస్తుంది.

మామూలు బ్యాలెన్సింగ్ మిషన్ చక్రాన్ని గాల్లో తిప్పి బరువు తేడా మాత్రమే చూస్తుంది. కోడిగుడ్డుకైనా సీసం అతికించి బ్యాలెన్స్ చేయొచ్చు, గుండ్రంగా చేయగలమా?

ఆదివారం తెల్లారగట్ల ఆనందపురం–అనకాపల్లి ఆరు లైన్ల రోడ్డెక్కు. పోర్టు రోడ్డు మీద చూడకు, లారీలు తొక్కిన ఆ రోడ్డులో కారు వణుకేదో రోడ్డు వణుకేదో తేలదు. 100 దాటొద్దు. వణుకు మొదలయ్యాక యాక్సిలరేటర్ వదిలి క్లచ్ నొక్కు. ఇంజన్ నెమ్మదించినా వణుకు అలాగే ఉంటే అది చక్రాల వైపుదే. స్టీరింగ్‌లో తెలిస్తే ముందు చక్రాలు, సీటు కింద తెలిస్తే వెనకవి. బ్రేకు తొక్కినప్పుడే వస్తే డిస్కులు చూడాలి, అది వేరే కథ.

తర్వాత చక్రం లేపి కొలువు. రిమ్ము అంచు పక్కనే టైరు మీద సన్నటి గీత ఉంటుంది, అది చుట్టూ ఒకే ఎడంలో ఉండాలి. ఒకచోట లోపలికి మునిగిందంటే రిమ్ములో కూర్చునే టైరు అంచు, అదే బీడ్, సరిగ్గా కూర్చోలేదన్నమాట. గాలి తీసి, బీడ్‌కి సబ్బునీళ్లు రాసి మళ్లీ ఎక్కించమను. నా పాత కారుకి ఒక మెకానిక్ బేరింగులు, బాల్ జాయింట్లు అన్నీ మార్పించాడు. తీరా చూస్తే ఈ గీతే! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

గీత బాగుంటే టైరు నడిమి గట్టు మీద అంటించే టేపు బిగువుగా చుట్టి, డయల్ గేజీ ఆనించి నెమ్మదిగా తిప్పు. టేపు లేకపోతే గాట్ల దగ్గర ముల్లు ఎగిరిపడుతుంది. మిల్లీమీటరు దాటి తేడా వస్తే అనుమానించాల్సిందే. అప్పుడు రిమ్మునీ కొలువు. రిమ్ము, టైరు రెంటి ఎత్తులూ ఒకేచోట కలిసుంటే టైరుని రిమ్ము మీద సగం చుట్టు తిప్పి ఎక్కించమను, కొంత కొట్టుకుపోతుంది. రిమ్ము బాగుండి టైరొక్కటే చదునైతే ఇక మార్చడమే. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ కూడా చూడు. 2319 అంటే 2019లో 23వ వారం. అంత పాతదైతే కొలతలతో పని లేదు, తీసేయ్.

గేజీ నా బీరువా పైన చెక్కపెట్టెలో ఉంది, కారు కింద పెట్టే స్టాండ్లు మా షెడ్డులో ఉన్నాయి. వచ్చి పట్టుకెళ్లు. జాకీ ఒక్కదాన్నే నమ్మి చెయ్యి పెట్టకు. ముల్లు చూపిన అంకె ఏ టైరుది ఆ టైరు మీదే సుద్దతో రాసి, నాలుగింటి ఫోటోలూ పంపు.

మీ మావయ్య